ఇంటి ముందు తోట వేయించాలంటే ఎవరిని నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హైదరాబాద్ బాచుపల్లి దగ్గర 300 గజాల ప్లాటు, ఉత్తరం ముఖం ఇల్లు, పైన ఒక అంతస్తు. ముందు 35 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఖాళీ ఉంది. వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. తోట కోసం ముగ్గురిని పిలిస్తే ఒకాయన 95 వేలు, రెండో ఆయన లక్షా 80 వేలు, మూడో ఆయన 3 లక్షల 40 వేలు అన్నారు. మొదటాయన వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపాడు. మూడో ఆయన రంగుల త్రీడీ బొమ్మలు ఇచ్చాడు. రెండో ఆయన మాత్రం ఇంటికి వచ్చి సంపు ఎక్కడుంది, బోరు నీళ్లు ఎలా ఉన్నాయి, మే నెలలో నీళ్లు వస్తాయా అని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు, ఏ బొమ్మా చూపించలేదు. వీళ్లలో ఎవరిని నమ్మాలని మీ టెన్షన్.

నేను హార్టికల్చర్ చదివి చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో, విజయవాడలో ఇళ్లకు తోటలు వేయించే పనిలోనే ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను. నాటిన వారం రోజులకు ఎవరు వేసిన తోటైనా అందంగానే ఉంటుంది. కడియం నుంచి నిగనిగలాడే మొక్కలు దించి గడ్డి షీట్లు పరిస్తే ఫొటోకి ఏ లోటూ ఉండదు. అసలు పని ఎంత బాగా జరిగిందో తర్వాతి వేసవి దాటాకే తెలుస్తుంది. కాబట్టి ఆ వేసవి గురించి మీకంటే ముందు ఆలోచించే మనిషి కావాలి. మిమ్మల్ని నీళ్ల గురించి అడిగినాయన ఆ పనే చేశాడు. ఈ ఒక్క కారణంతోనే నా మొగ్గు ఆయన వైపు ఉంది. అయినా సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు తేల్చుకోండి.

ముందుగా మూడు మొత్తాలనూ పక్కన పెట్టండి, వాటిని పోల్చి లాభం లేదు. ముగ్గురూ 'లాన్' అనే రాశారు గానీ ముగ్గురి లాన్ ఒకటి కాదు. ఒకరు మెక్సికన్ గడ్డి షీట్లు పక్కపక్కన ఖాళీ లేకుండా పరుస్తారు. ఇంకొకరు దుబ్బులు విడదీసి రెండు మూడు అంగుళాలకు ఒకటి గుచ్చుతారు. మరొకరు అదే దుబ్బులు ఆరంగుళాల దూరంలో గుచ్చి, "రెండు నెలల్లో కలిసిపోతుంది సార్" అంటారు. కలిసేలోపు ఆ ఖాళీల్లో కలుపు లేస్తుంది. మట్టి విషయమూ అంతే. మీ 700 చదరపు అడుగుల్లో తొమ్మిదంగుళాల మందంతో మంచి మట్టి పోయాలంటే 525 ఘనపుటడుగులు కావాలి. ట్రాక్టరు ట్రాలీకి వంద చొప్పున వేసుకుంటే ఐదు ట్రాలీల పైమాటే. మూడంగుళాలు పోస్తే 175 ఘనపుటడుగులతో, అంటే రెండు ట్రాలీల లోపే పని అయిపోతుంది. పైన గడ్డి పరిచేశాక కింద ఎంత మట్టి ఉందో ఎవరికీ కనపడదు. 95 వేల కొటేషన్‌లో మట్టి మందం ఎంతో రాయలేదంటే తేడా చాలావరకు అక్కడే ఉండి ఉంటుంది.

అందుకని ఒక తెల్లకాగితం మీద మీరే అంశాలు రాసి ముగ్గురికీ అదే పంపండి. పాత మట్టి ఎంత లోతు తవ్వి తీస్తారు, తీసిన రాళ్లూ సిమెంటు పెళ్లలూ ఎవరు ఎత్తిపోస్తారు, కొత్త ఎర్రమట్టి ఎన్ని ట్రాలీలు, పశువుల ఎరువు ఎంత, వర్మీకంపోస్టు, వేపపిండి ఎన్ని బస్తాలు, గడ్డి ఏ రకం, షీటా దుబ్బులా, ప్రతి మొక్క పేరు, ఏ సైజు కవర్లో ఉన్నది, ఎన్ని, ఒక్కోటి ఎంత, పైపుల పని ఎంత, కూలి ఎంత అని. మొక్కల ధర ఎత్తును బట్టి కాకుండా కవర్ సైజును బట్టి అడగడం ముఖ్యం. ఎనిమిది బై పది అంగుళాల కవర్లో సాగిపోయిన నాలుగడుగుల మొక్క, ఇరవై ఒకటి బై ఇరవై ఒకటి కవర్లో గుబురుగా ఉన్న నాలుగడుగుల మొక్క ఎత్తులో సమానమే గానీ విలువలో కాదు. ఈ కాగితం నింపి ఇవ్వడానికి ఇష్టపడని మనిషితో అక్కడితో మాటలు ఆపేయండి.

ఇప్పుడు మీ స్థలం గురించి. మీది ఉత్తరం ముఖం కావడం వల్ల ఒక ఇబ్బంది ఉంది. పని తెలిసిన వాడు దీన్ని తనంతట తానే ఎత్తాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో మీ ముందు ఖాళీ మీద ఎండ దంచేస్తుంది. కానీ డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు బాగా దక్షిణానికి జరుగుతాడు. పిట్టగోడతో కలిపి ఇంటి ఎత్తు 25 అడుగులు అనుకుంటే, డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి ఇరవై అడుగులు దాటుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా ముందుకు పోతుంది. అంటే నవంబరు నుంచి జనవరి చివరి దాకా మీ ముందు భాగంలో చాలావరకు దాదాపు రోజంతా ఇంటి నీడలోనే ఉంటుంది. మెక్సికన్ గడ్డి నీడను ఓర్చుకోదు, పల్చబడి మట్టి తేలుతుంది. ఏప్రిల్లో చూసి "ఇంత ఎండ ఉంది, లాన్ అద్భుతంగా వస్తుంది" అన్న మనిషి మీ ఇంటిని ఏప్రిల్ వరకే చూశాడన్న మాట.

రెండో ఆయనతో సహా ముగ్గురినీ ఈ ప్రశ్న అడగండి: "డిసెంబరులో ఇక్కడ ఎండ ఎంత ఉంటుందండీ?" జవాబు కన్నా ముందు ఆ మనిషి ఏం చేస్తాడో చూడండి. దిక్కులు చూసుకుని, ఇంటి ఎత్తు అంచనా వేసి, లాన్ తగ్గిద్దాం అన్నా, కాస్త నీడకు ఓర్చుకునే బఫెలో గడ్డి వేద్దాం అన్నా ఆయనకు పని వచ్చు. మొక్కల ఎంపికలోనూ ఇదే గొడవ. నీడ మొక్కలని అగ్లోనీమాలు పెడితే మేలో ఆకులు మాడిపోతాయి. ఎండ మొక్కలని గులాబీలు పెడితే చలికాలంలో పూత ఉండదు. రెండూ తట్టుకునే నందివర్ధనం, స్పైడర్ లిల్లీ, షెఫ్లెరా లాంటివి మీ ముందు భాగానికి సరిపోతాయి. మల్లె, గులాబీ, కరివేపాకు, నిమ్మ మీద మనసుంటే ఇంటి వెనక దక్షిణం వైపు జాగా చూడండి, లేదా మేడ మీద కుండీల్లో పెట్టుకోండి. మేడ మీద మట్టి పోసి గడ్డి పెంచుదాం అంటే మాత్రం ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా ఒప్పుకోకండి. అడుగు మందం తడి మట్టి చదరపు మీటరుకు అరటన్ను దాకా బరువు మోపుతుంది.

నీళ్ల లెక్క కూడా చెప్తాను. మే నెలలో లాన్‌కు రోజుకు చదరపు మీటరుకు ఐదారు లీటర్లు పడుతుంది. 700 చదరపు అడుగులంటే సుమారు 65 చదరపు మీటర్లు, అంటే రోజుకు 325 నుంచి 390 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒక్క లాన్‌కే రెండు వారాల్లో అయిపోతుంది. బాచుపల్లి వైపు ఎండాకాలంలో బోర్లు ఎండడం, ట్యాంకర్ల కోసం ఎదురుచూడడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. లాన్‌ను 250 చదరపు అడుగులకు కుదించి, మిగతా చోట రాతి పలకలూ పొదలూ పెట్టి, పొదలకు డ్రిప్ వేస్తే ఈ ఖర్చు మూడో వంతుకు దగ్గరగా వచ్చేస్తుంది. ఎక్కువ గడ్డి అమ్ముకునే అవకాశం వదులుకుని ఈ సలహా ఇచ్చే కాంట్రాక్టరు దొరికితే వదులుకోకండి.

కొత్తగా కట్టిన ఇంటి మట్టి గురించి ఎంత చెప్పినా తక్కువే. బేస్‌మెంట్ నింపగా మిగిలిన మొరం, సున్నం, టైల్స్ ముక్కలు, పెయింటు కడిగిన నీళ్లు అన్నీ ముందు ఖాళీలోనే చేరతాయి. మీరే ఒక పని చేసి చూడండి. ఒక చోట అడుగున్నర లోతు గుంత తవ్వించి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి నీళ్లు అలాగే నిలిచి ఉంటే కింద గట్టి పొర ఉంది. దాన్ని పగలగొట్టకుండా పైన ఎంత ఎర్రమట్టి పోసినా వానాకాలంలో వేర్లు కుళ్లిపోతాయి. కొత్త మట్టి దిగే రోజు కూడా దగ్గర ఉండండి. చెరువు గట్టు నుంచో, పొలం నుంచో తెచ్చిన మట్టిలో తుంగ గడ్డలు ఉంటే ఆ తోటకు అదే శాపం. తుంగ భూమిలోపల గడ్డల నుంచి మొలుస్తుంది, పైన పీకిన కొద్దీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఎర్రమట్టి ఒక బుట్టెడు తీసి జల్లిస్తే శనగగింజంత నల్లటి గడ్డలు కనపడతాయి. అవి కనపడితే ట్రాలీ వెనక్కి పంపండి. ఈ షరతు ముందే కాగితం మీద ఉండాలి, లేకపోతే డ్రైవరుతో రోడ్డు మీద గొడవ పడాల్సి వస్తుంది. పశువుల ఎరువు కూడా బాగా మాగి, పొడిపొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చి ఎరువు వేస్తే వేడికి వేర్లు దెబ్బతింటాయి, పైగా చెదలు, వేరుపురుగు వెంట వస్తాయి.

మొదటాయన ప్రహరీ పొడవునా కోనోకార్పస్ పెడతానన్నాడని, మూలన ఉన్న పాత వేపను కొట్టేయమన్నాడని రాశారు. ఈ రెండు మాటలతోనే నేనైతే ఆయన్ను పక్కన పెట్టేస్తాను. కోనోకార్పస్ తొందరగా పెరిగి గోడలా పచ్చగా నిలబడుతుంది, అందుకే అందరూ అమ్ముతారు. దాని వేర్లు పైపులనూ కేబుళ్లనూ పాడు చేస్తాయని, పుప్పొడితో ఆరోగ్య సమస్యలు వస్తాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. మీ సంపు, డ్రైనేజీ లైను రెండూ ప్రహరీ పక్కనే ఉన్నాయి. ఇక వేప విషయానికొస్తే, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) ప్రకారం చెట్టు కొట్టే ముందు అనుమతి అడగాలి. ఆ సంగతి పక్కన పెట్టినా, ఎదిగిన వేప ఇచ్చే నీడ మీరు ఎంత డబ్బు పెట్టినా నర్సరీలో దొరకదు. దాని చుట్టూ తోటను అమర్చడం తెలిసిన వాడే మీకు కావాలి. ఇంట్లో చిన్నపిల్లలు, కుక్కపిల్ల ఉన్నాయన్నారు కాబట్టి గన్నేరు, పచ్చగన్నేరు పెట్టకుండా చూసుకోండి, రెండూ విషమే.

ఇక మనిషిని పరీక్షించే విషయం. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే సంతోషంగా చూడండి గానీ వాటిని నమ్మకండి. "మీరు వేసి కనీసం రెండు వేసవులు దాటిన తోట ఏదైనా దగ్గర్లో ఉందా? వెళ్లి చూస్తాం" అని అడగండి. పేరున్న వాడికి ఇది కష్టమైన కోరిక కాదు, ఆ ఇంటివాళ్లకు తనే ఫోన్ చేసి చెప్తాడు. వెళ్లినప్పుడు పూల వైపు కాకుండా కింద చూడండి. లాన్‌లో తుంగ ఉందా? గడ్డి అంచులు పేవింగ్ మీదికి పాకాయా? పామ్ చెట్లకు నాటిన రోజు కట్టిన నైలాన్ తాడు ఇప్పటికీ కాండాన్ని కోస్తూ ఉందా? మందారం ఆకుల కింద పిండినల్లి పేరుకుపోయి ఉందా? వాన పడితే నీళ్లు ఎటు పోతాయి? ఆ ఇంటావిడతో రెండు నిమిషాలు మాట్లాడండి. ఎన్ని మొక్కలు చచ్చాయి, చచ్చినప్పుడు ఫోన్ చేస్తే వచ్చాడా, ఇప్పుడు చూసుకుంటున్నది ఆయన మనుషులేనా అని అడగండి. మొక్కలు చావడం సహజం. ఫోన్ ఎత్తాడా లేదా అన్నదే మీకు కావాల్సిన సమాచారం.

డిగ్రీ ఉండాలా అని అడిగారు. వెంకటరామన్నగూడెం, ములుగు హార్టికల్చర్ యూనివర్సిటీల్లో చదివిన వాళ్లు ఈ రంగంలో ఉన్నారు, తెగుళ్ల గురించీ మట్టి గురించీ వాళ్లతో మాట్లాడడం తేలిక. అయితే కడియం, కడియపులంక నర్సరీల్లో చిన్నప్పటి నుంచి పని చేసి వచ్చిన వాళ్లలో మొక్కను చూడగానే దాని బాగోగులు చెప్పేవాళ్లను ఎంతోమందిని చూశాను. మీ స్థలానికి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అవసరం లేదు. పేవింగ్, లైట్లు, ఫౌంటెన్, ఎత్తుపల్లాలు ఉన్న పెద్ద జాగాకైతే ఆ డ్రాయింగుల విలువ నిజమైనదే. మీ 700 అడుగులకు 3 లక్షల 40 వేలలో ఎంత బొమ్మలకు పోతుందో, ఎంత మట్టికి పోతుందో ఆయన్ను విడదీసి చెప్పమనండి.

మొక్కలు దిగే రోజు ఇంకో చిన్న పరీక్ష ఉంది. కాండం పట్టుకుని మెల్లగా పైకి లేపండి. మట్టితో సహా లేస్తే మొక్క ఆ కవర్లో వేరూనింది. మట్టి కవర్లోనే ఉండి మొక్క ఊడి వస్తుంటే నేల నుంచి పీకి నిన్నో మొన్నో కవర్లో కూరారని అర్థం. అలాంటివి తిప్పి పంపండి. ఒకటి రెండు కవర్లు కోయించి చూడండి, వేర్లు తెల్లగా బయటికి రావాలి గానీ చుట్టలు చుట్టుకుపోయి ఉండకూడదు. నాటేటప్పుడు కవరు పూర్తిగా తీసేస్తున్నారా లేదా అన్నది మీరు నిలబడి చూడాల్సిందే. తొందరలో అడుగున కోసి అలాగే పాతేసే కూలీలు ఉంటారు. ఆ మొక్క రెండేళ్లు ఎదగకుండా అలాగే నిలబడి, తర్వాత చస్తుంది. కారణం ఎవరికీ తెలియదు.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. పాత మట్టి తీసి కొత్త మట్టి పోయడానికి సరిపడా అడ్వాన్సు, మొక్కలు వచ్చి మీరు చూసుకున్నాక ఒక భాగం, నాటడం అయ్యాక ఇంకొక భాగం. చివరి 15 లేదా 20 శాతం మాత్రం లాన్ పూర్తిగా కలిసి రెండోసారి కోత అయ్యాకే. చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి ఎన్ని నెలల దాకా ఉచితంగా పెడతారో రాయించుకోండి, మూడు నెలలు న్యాయమైన గడువు. అదే కాగితంలో రోజూ నీళ్లు పెట్టే బాధ్యత ఎవరిదో కూడా ఉండాలి. మీరు ఊరెళ్లి పది రోజులు నీళ్లు పెట్టకపోతే ఆ నష్టం ఆయన మీద వేయడం అన్యాయం. ఈ మాట ఆయనే ముందు ఎత్తితే నమ్మకం ఇంకొంచెం పెంచుకోవచ్చు.

తర్వాత నెలనెలా చూసుకోవడం. చాలామంది మోసపోయేది ఇక్కడే. మాట్లాడేది కాంట్రాక్టరు, మొదటి నెల వచ్చేది మంచి మాలీ, మూడో నెల నుంచి ఎవరో ఒకరు వచ్చి పైపు పట్టుకుని పది నిమిషాలు నిలబడి వెళ్తారు. కాబట్టి వచ్చే మనిషి ఎవరో ముందే పరిచయం చేయమనండి. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, గడ్డి కోత ఎన్ని రోజులకోసారి, మెషీను ఎవరిది, ఎరువుల ఖర్చు ఎవరిది అన్నవి తేల్చుకోండి. మందు కొట్టే విషయంలో గట్టిగా ఉండండి. కరివేపాకు, కూరగాయలు ఉన్న చోట ఏ మందు తెచ్చాడో సీసా చూపించమనండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ఎప్పటి నుంచో నిషేధం ఉన్నా, "గట్టి మందు" పేరుతో ఇళ్ల తోటల్లో కొట్టేవాళ్లు కనపడతారు. పిండినల్లికి, పేనుబంకకు ముందు వేపనూనె లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టించండి. మందు కొట్టే మనిషికి మాస్కు, గ్లవ్స్ మీరే కొనివ్వండి. మంచి మాలీ దొరికితే జీతం నెల మొదట్లోనే ఇవ్వండి, ఎండలో మజ్జిగ ఇవ్వండి, పేరు పెట్టి పిలవండి. మంచి మాలీలు ఏ ఇంటికి వెళ్లాలో వాళ్లే ఎంచుకుంటారు, మర్యాద లేని ఇల్లు ముందు వదిలేస్తారు.

చివరగా మీ ముహూర్తం సంగతి. వైశాఖంలో గృహప్రవేశం నాటికి పచ్చటి లాన్ కావాలని పట్టుబట్టకండి. అలా అడిగితే ఎవరైనా వేసిస్తారు, కానీ రోహిణి కార్తె ఎండకు అది నిలవడం కష్టం. ఇప్పుడు పాత మట్టి తీయించి, కింది పొర పగలగొట్టించి, కొత్త మట్టీ ఎరువూ కలిపి, రెండు మూడుసార్లు తడిపి కలుపు మొలిపించి పీకించేయండి. పైపుల పని కూడా ఈలోపే అయిపోవాలి. గృహప్రవేశానికి గుమ్మం ముందూ మెట్ల మీదా పెట్టుకోవడానికి నర్సరీల వాళ్లు కుండీ మొక్కలు రెండు మూడు రోజులకు అద్దెకు ఇస్తారు. వచ్చిన వాళ్లకు ఆ పచ్చదనం చాలు. మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక గడ్డి, పొదలు నాటించండి. రెండో ఆయనకు ఈ ప్రణాళిక చెప్పి, పై కాగితం నింపి ఇమ్మని అడగండి. ఆయన రాసిన మట్టి మందం, మొక్కల జాబితా ఇక్కడ పెడితే చూసి చెప్తాను.